నీటికాసులు - కంటి పీడనము నేత్రపటలమును చెఱచు విధము

భిలాయి ఉక్కు కర్మాగారములో పనిచేయువారికి పీడనమనగా నేమో వేఱుగా చెప్ప నక్కఱలేదు. ఊదుకొలిమికి పోవు వేడిగాలి గొట్టములకును, వాయువు గొట్టములకును, నీటి గొట్టములకును పీడనమును చూపు ముల్లుగడియారములు అమర్చబడి యుండును. ముల్లు ఎఱ్ఱగీటు దాటగానే చూచువాడు హెచ్చరిక చేయును, తగిన మర తిప్పును, పీడనము దిగును. మనుష్యుని కన్నును పీడనము గల ఒక చిన్న గోళమే. అందును ద్రవము పుట్టుచుండును, ప్రవహించుచుండును, బయటికి పోవుచుండును. కాని దానికి ముల్లు లేదు, ఎఱ్ఱగీటు లేదు. పీడనము హెచ్చినను చాలమందికి నొప్పి యుండదు, ఎఱ్ఱదనము ఉండదు, మసక యుండదు. సంవత్సరముల తరబడి ఇట్లే గడచి, చూపులో సగము పోయిన పిదప కాని మనుష్యునికి తెలియదు. తెలుగువారు నీటికాసులని వ్యవహరించు గ్లకోమా వ్యాధి స్వభావ మిట్టిది.

భిలాయికిని తెలుగువారికిని గల సంబంధము క్రొత్తది కాదు. 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ యూనియనుతో ఒప్పందము జరిగినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి ఊదుకొలిమిని ప్రారంభించిరి. ఆ కాలమునందే రాయపూరు-విజయనగరము రైలుదారి వెంట ఉత్తర కోస్తా జిల్లాల నుండి అనేక కుటుంబములు పనికై వచ్చి, దుర్గు జిల్లాలోని ఈ క్రొత్త పట్టణమున స్థిరపడినవి. నాడు మధ్యప్రదేశమునకు చెందిన ఈ ప్రాంతము 2000 నవంబరు 1వ తేదీ నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమైనది. తొలితరమువారిలో బ్రతికియున్నవారు వయోవృద్ధులు. వారి బిడ్డలు ఉద్యోగవిరమణ చేసినవారు, లేక చేయబోవువారు. మనుమలలో పెద్దవారు సయితము నలుబది దాటుచున్నారు. నీటికాసులు ఏ వయస్సునందైన రావచ్చును గాని, నలుబది దాటిన నాటి నుండి దాని భయము ఏటేట పెరుగును. కావున ఈ పట్టణమున ఇంటింట కనీస మొకరికైన ఇది అవసరమగు విషయము.

మాటల వలన కలుగు ఒక చిక్కును ముందుగా విడదీయవలసి యున్నది. ఇరుగుపొరుగు హిందీవారు శుక్లమును మోతియాబింద్ అందురు. నీటికాసులను కాలా మోతియా అనియు, కాంచబిందు అనియు అందురు. రెండింటను మోతియా యను మాట యున్నది. తెలుగు వృద్ధులకు ఆ భాష అలవడినను, ఈ భేదము చెవికి సోకక పోవుట కలదు. వైద్యుడు కాలా మోతియా అని చెప్పగా, వృద్ధుడు దానిని శుక్లమని గ్రహించి, పండిన పిమ్మట కోయించుకొనవచ్చునని ఇంట కూర్చుండును. శుక్లము పండువఱకు ఆగవలెనను మాటయే నేటి శస్త్రచికిత్సకు పనికిరాదు. అయినను శుక్లము విషయమున ఆలస్యము వలన చూపు సాధారణముగా శాశ్వతముగా పోదు, కోసి కృత్రిమ కటకము పెట్టగానే తిరిగి వచ్చును. నీటికాసుల విషయమట్లు కాదు. పోయిన చూపును ఏ మందును, ఏ శస్త్రమును తిరిగి తేజాలవు. మిగిలినదానిని కాపాడుట మాత్రమే సాధ్యము. ఒక పేరును మఱియొక పేరుగా పొరబడుటచే ఒక కన్ను పోవుట కంటె విచారకరమైన దేమి గలదు?

కంటిలోని నీరు

కంటి ముందుభాగమున, నల్లగ్రుడ్డుపై అద్దము వంటి పొరకును లోపలి కటకమునకును నడుమ, నేత్రోదకమను స్వచ్ఛమైన ద్రవము నిండి యుండును. ఇది కన్నీరు కాదు. కన్నీరు కంటిపై పారును. నేత్రోదకము కంటి లోపలనే యుండును. తారక చుట్టు నున్న రంగుపొర వెనుకనుండు ఒక చిన్న అవయవము దీనిని నిమిషమునకు సుమారు 2 నుండి 2.5 మైక్రోలీటర్ల చొప్పున ఊర్చును. అనగా ఒక చిన్న బొట్టు ఊరుటకే పది పదునైదు నిమిషములు పట్టునన్నమాట. రక్తనాళములు లేని కటకమునకును అద్దపు పొరకును ఇదియే ఆహారము నందించును. పిమ్మట తారక గుండ ముందునకు వచ్చి, రంగుపొరయు అద్దపు పొరయు కలియు మూలయందలి జల్లెడ వంటి కణజాలము గుండ వడకట్టబడి, సన్నని కాలువలో పడి, రక్తములో కలిసిపోవును.

ఊరునదియు పోవునదియు సమానముగ నున్నంతకాలము పీడనము నిలుకడగా ఉండును. చాలమందికి అది పాదరస కొలతలో 10 నుండి 21 మిల్లీమీటర్ల నడుమ నుండును. కాలువ పూడికచే ప్రవాహము మందగించినచో పీడనము మెల్లమెల్లగ హెచ్చును. ఈ విధమును తెరచుకొన్న మూల గల నీటికాసులందురు. ఇట్లు కాక, రంగుపొర ముందునకు ఒరిగి ఆ మూలనే మూసివేసినచో, పీడనము కొన్ని గంటలలోనే పెచ్చు పెరుగవచ్చును. దీనిని మూసుకొన్న మూల గల నీటికాసులందురు. ఈ రెండవదాని సంగతి ముందు చెప్పబడును.

కంటి పీడనమునకును రక్తపోటునకును కొలమానము ఒకటే యగుటచే కొందఱు రెండును ఒకటేయని భావింతురు. రక్తపోటు మాత్ర వేసికొనుచున్నాము గదా, కంటికిని అదియే చాలునని తలంచువారు కలరు. అది సరికాదు. రక్తపోటు సరిగా నున్నవానికి కంటి పీడనము అధికముగా ఉండవచ్చును. పైగా రాత్రివేళ రక్తపోటు మిక్కిలి దిగినచో కంటినాడికి రక్తము చాలక హాని హెచ్చవచ్చును. కనుక రక్తపోటు మందులు ఏవి, ఏ వేళ తీసికొనుచున్నారో నేత్రవైద్యునికి తెలుపవలెను.

నేత్రపటలముపై దెబ్బ ఎక్కడ తగులును?

నీరు కంటి ముందుభాగమున నున్నది. చూపు నందించు నేత్రపటలము కంటి వెనుకగోడపై నున్నది. ముందున పీడనము హెచ్చిన, వెనుకనున్న పొర ఏల చెడవలెను? కన్ను మూసిన గోళము. ఒక చోట పీడనము హెచ్చిన గోడ యంతటిపైనను అది పడును. ఆ గోడలో అన్నింటికంటె బలహీనమైన స్థలము ఏదియో అచ్చటనే దెబ్బ తగులును. దృక్‌నాడి కంటి నుండి బయటికి పోవు ద్వారమే ఆ బలహీన స్థలము.

నేత్రపటలము ఒకే పొర కాదు, పొరలపై పొరలు. అడుగున వెలుతురును పట్టు కణములు ఉన్నవి. అవి పట్టిన వెలుతురు సంకేతముగా మారి, నడిమి పొరలు దాటి, పైపొరయందలి నాడీకణములను చేరును. ఒక్కొక్క నాడీకణము నుండి ఒక్కొక్క సన్నని పోగు బయలుదేరును. సుమారు 10 నుండి 12 లక్షల పోగులు నేత్రపటలము ఉపరితలముపై ప్రాకి, నలుమూలల నుండి ఒక గుండ్రని స్థలము చేరి, అచ్చట ఒక్కసారిగ వెనుకకు మలగి, కట్టగా కలిసి, మెదడునకు పోవును. ఆ గుండ్రని స్థలమును వైద్యులు నాడీబిళ్ళ యందురు. ఆ ద్వారమున గోడ గట్టిగా లేదు. రంధ్రములు గల జల్లెడ తట్టు వంటి పొర యున్నది. పోగులన్నియు ఆ రంధ్రముల గుండనే దూరి పోవలెను.

పీడనము హెచ్చినపుడు ఆ జల్లెడ వెనుకకు వంగును. దాని రంధ్రములు వంకర తిరుగును. వాని గుండ పోవు పోగులు నలుగును. పోగు అనగా సంకేతములు మోయు తీగ మాత్రము కాదు. దాని లోపల కణమునకు కావలసిన పోషకములు ఇరుదిశల ప్రయాణము చేయుచుండును. మెదడు వైపు నుండి వచ్చు కొన్ని పదార్థములు లేనిచో నాడీకణము బ్రతుకదు. జల్లెడ వద్ద ఆ రాకపోకలు ఆగినపుడు, దానికి తోడు అచ్చటి సన్నని రక్తనాళములలో ప్రవాహము తగ్గినపుడు, కణము తనంతట తానే చచ్చుటకు ఆరంభించును. ఒక కణము, పది కణములు, వేయి కణములు - ఇట్లు సంవత్సరముల పాటు సాగును. చచ్చిన నాడీకణము మరల పుట్టదు.

విశేష మేమనగా, ఇంత జరుగుచున్నను నేత్రపటలము అడుగున వెలుతురును పట్టు కణములు చాలవఱకు చెక్కుచెదరక యుండును. వెలుతురు పడుచునే యుండును, సంకేతము పుట్టుచునే యుండును. కాని అది మెదడును చేరు తీగలు తెగిపోయి యుండును. కొలిమి మండుచుండగా ఉక్కు మోయు బండ్లు ఆగిపోయిన కర్మాగారము వలె నుండును. కనుకనే అద్దములు మార్చినను, శుక్లము తీసినను, ఈ వ్యాధిచే పోయిన చూపు రాదు. ఆ పనులు ముందుభాగమును బాగుచేయును గాని తెగిన తీగలను అతుకజాలవు.

పోగులు తగ్గిన కొలది నాడీబిళ్ళ నడుమనున్న పల్లము విశాలమగును. అద్దము గల దీపముతో లోపల చూచు వైద్యునికి అది గిన్నె వలె లోతుగా కనబడును. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కంటి లోపల చూచు పరికరమును కనిపెట్టిన పిమ్మటనే ఈ పల్లము సజీవ నేత్రమున కనబడినది. అంతకు ముందు ఈ వ్యాధికి కారణమేమో ఎవరికిని స్పష్టముగ తెలియదు. 1857లో బెర్లినులో ఫాన్ గ్రేఫె అను నేత్రవైద్యుడు రంగుపొరలో కొంత భాగము తీసి, హఠాత్తుగ వచ్చు నీటికాసులను మాన్పగల శస్త్రచికిత్సను ప్రకటించెను. తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో నుండిన కాలమున, 1909లో, మద్రాసు ప్రభుత్వ నేత్రవైద్యాలయమునకు అధిపతిగా నుండిన రాబర్టు హెన్రీ ఎలియట్ అను వైద్యుడు తెల్లగ్రుడ్డు అంచున చిన్న రంధ్రము చేసి నీటికి క్రొత్త దారి కల్పించు శస్త్రమును ప్రవేశపెట్టెను. అది ప్రపంచమంతట వ్యాపించినది. నేడు చేయు శస్త్రము 1968లో కెయిర్న్స్ వివరించిన పద్ధతి ననుసరించినదే యైనను, తెల్లగ్రుడ్డులో దారి తెరచుట యను మూలభావము అదియే.

రోగికి ఏల తెలియదు?

మొదట పోవునది నడిమి చూపు కాదు, ప్రక్క చూపు. అందును ముక్కు వైపు చూపులో ఒక మెట్టు, నడిమి బిందువునకు కొంచెము పైనగాని క్రిందగాని విల్లు వంటి మచ్చ మొదట ఏర్పడుట వాడుక. ఆ మచ్చ నల్లగ కనబడునని చాలమంది అనుకొందురు. అట్లు కనబడదు. మెదడు చుట్టుప్రక్కల నున్న రంగులతోడను గీతలతోడను ఆ ఖాళీని పూరించును. ఒక కంట లేనిదానిని రెండవ కన్ను చూపును. కావున రోగి పత్రిక చదువగలడు, సూదిలో దారము ఎక్కింపగలడు, ఆసుపత్రి గోడపై అక్షరముల పటమును చివరి వరుస వఱకు చదివి వినిపింపగలడు. నాడీపోగులలో నూటికి నలుబది వఱకు నశించిన పిదప కాని పరీక్షలో చూపుమచ్చ నిశ్చయముగ బయటపడక పోవచ్చునని శాస్త్రజ్ఞులు శవనేత్రములను పరీక్షించి కనుగొనిరి.

అటువంటి మనుష్యుడు సుపేలా వద్ద జి.ఇ. రోడ్డు దాటుచుండగా ప్రక్కనుండి వచ్చు స్కూటరు దగ్గఱకు వచ్చువఱకు కానరాదు. మెట్లు దిగునపుడు చివరి మెట్టు తప్పును. వంటయింటిలో ప్రక్కనున్న చెంబు చేయి తగిలి ఒలుకును. ఇంటివారు వయస్సు వలన వచ్చిన పరధ్యానమందురు. రోగియు అదే ననుకొనును.

ఈ మాటలు ఊహలు కావు. హైదరాబాదులో 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వారు 1996 నుండి 2000 వఱకు ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వేక్షణ జరిపిరి. హైదరాబాదు నగరమునను, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరము జిల్లాల పల్లెలలోను, పదివేలమందికి పైగా ప్రజలను పరీక్షించిరి. నగరమున నలుబది దాటినవారిలో నూటికి ఇంచుమించు 2.5 మందికి తెరచుకొన్న మూల గల నీటికాసులు నిశ్చయముగ నున్నవని తేలినది. వారిలో పదిమందికి తొమ్మిదిమంది తమకు ఆ వ్యాధి యున్నదని ఎరుగరు. ఇంచుమించు సగముమందికి హాని అప్పటికే తీవ్రస్థితికి వచ్చినది. అంతకంటెను ఆలోచింపదగిన దొకటి: ఆ రోగులలో మూడింట రెండు వంతులమందికి పరీక్ష నాడు పీడనము 22 మిల్లీమీటర్ల కంటె తక్కువగా, అనగా సాధారణమని చెప్పు హద్దు లోపలనే ఉండినది.

దీనినిబట్టి ఏమి తెలియుచున్నది? 21 అను అంక గోడ కాదు. ఒకని నాడి 26 మిల్లీమీటర్ల పీడనమును సంవత్సరముల తరబడి భరించును. మఱియొకని నాడి 16 మిల్లీమీటర్లకే నలుగును. జల్లెడ పొర బలము, రక్తప్రసరణము, వంశము, వయస్సు - ఇవన్నియు కలిసి నిర్ణయించును. పైగా పీడనము ఉదయము సాయంకాలము ఒకే తీరున ఉండదు. పడుకొన్నపుడు హెచ్చును. అద్దపు పొర పలుచగా నున్నవారికి కొలత ఉన్నదానికంటె తక్కువగా కనబడును. కనుక ఒక శిబిరములో ఒకసారి పీడనము చూచి, ఏమియు లేదని పంపివేసిన కాగితమును దాచుకొని నిశ్చింతగ నుండుట ప్రమాదము. నాడీబిళ్ళను చూడని పరీక్ష నీటికాసుల పరీక్ష కానేరదు.

అట్లని పీడనము ముఖ్యము కాదని తలంపరాదు. నేటి వైద్యమున మార్చగలిగిన కారణము అది యొక్కటే. స్వీడనులో 255 మంది క్రొత్త రోగులను రెండు భాగములుగ చేసి, ఒక భాగమునకు పీడనము తగ్గించు చికిత్స చేసి, మఱియొక భాగమును చికిత్స లేకుండ జాగ్రత్తగ గమనించిరి. పీడనము ఒక్క మిల్లీమీటరు తగ్గినచో వ్యాధి ముదురు అవకాశము నూటికి ఇంచుమించు పది వంతులు తగ్గినదని తేలినది. అమెరికాలో వ్యాధి ఇంకను రాక, పీడనము మాత్రము అధికముగా నున్న 1,636 మందిపై జరిపిన పరీక్ష ఫలితము 2002లో వెలువడినది. అయిదేండ్లలో చుక్కలమందు వేయనివారిలో నూటికి 9.5 మందికిని, వేసినవారిలో 4.4 మందికిని నీటికాసులు వచ్చినవి. సగము తగ్గుట చిన్న మేలు కాదు. అయితే వేయనివారిలో నూటికి తొంబదిమందికి అయిదేండ్లలో వ్యాధి రాలేదనుటయు గమనింపవలెను. పీడనము కొంచెము అధికముగా నున్న ప్రతివారికిని మందు అవసరము లేదు. ఎవరికి అవసరమో వైద్యుడే నిర్ణయించును.

ఉక్కుపట్టణమున ప్రత్యేక భయములు

వయస్సు చేతను వంశము చేతను వచ్చు నీటికాసులు ఎల్లెడల ఒకటే. కర్మాగారములందు మఱి కొన్ని విధములు కలవు. సుత్తితో ఉలిని కొట్టునపుడు, ఇనుమును సానబెట్టునపుడు ఎగిరిపడు సన్నని ముక్క ఒక్కొక్కప్పుడు కంటిలోనికి దూసుకొని పోవును. వేడి చేతను వేగము చేతను అది చేసిన గాయము వెండ్రుకవాసి యంత యుండి, నొప్పియు అంతగా ఉండదు. కార్మికుడు నీటితో కడుగుకొని పనిలో ప్రవేశించును. లోపల నున్న ఇనుము త్రుప్పు పట్టును. ఆ త్రుప్పు నేత్రపటలమును విషమువలె చెఱచును. నీరు పోవు జల్లెడను పూడ్చి నెలలకో సంవత్సరములకో నీటికాసులు కలిగించును. ఆ కంటి రంగుపొర గోధుమవన్నెకు తిరుగుట ఒక గుర్తు. ఇనుముపై ఇనుమును కొట్టు పనిలో కంటికి ఏదియో తగిలినదను అనుమానమున్నచో, చూపు బాగుగనే యున్నను, ఎక్స్‌రే గాని సి.టి. గాని తీయించుకొనవలెను. అయస్కాంతముతో పనిచేయు ఎం.ఆర్.ఐ. పరీక్షకు పోవునపుడు ఈ సంగతి ముందే చెప్పవలెను. లోపల ఇనుపముక్క యున్న కన్ను ఆ యంత్రములో పోవు ప్రమాదమున్నది.

గాయము తగులకున్నను, బలమైన మొద్దు దెబ్బ - జారిపడిన గొలుసు, తగిలిన కడ్డీ, ఆటలో బంతి - నీరు పోవు మూలను లోపల చీల్చవచ్చును. వాపు తగ్గును, కన్ను బాగగును, దెబ్బ మఱపునకు వచ్చును. పదేండ్ల తరువాత ఆ ఒక్క కంటనే పీడనము హెచ్చవచ్చును. అట్టివారు ప్రతి సంవత్సరము ఆ కన్ను చూపించుకొనవలెను. పనివేళ రక్షణాద్దములు ధరించుమని భద్రతాశాఖవారు చెప్పుమాట విసుగు పుట్టించును గాని, ఈ రెండు కీడులకును అంతకంటె చౌకయైన మందు లేదు.

మూడవ భయము మందుల దుకాణము నుండి వచ్చును. వెల్డింగు వెలుగు చూచినవాని కన్నులు రాత్రి ఇసుక పోసినట్లు మండును. ఆ మంట సాధారణముగా ఒకటి రెండు దినములలో తనంతట తగ్గును. కాని ఆతడు దుకాణమునకు పోయి ఎఱ్ఱదనము తగ్గు చుక్కలు అడుగును. లేక తోటివాడు వాడిన సీసా తెచ్చుకొనును. అందు డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడు మందు ఉండుట తరచు. కన్ను మఱునాటికి తెల్లబడును. మంట వచ్చినపుడెల్ల అదియే వేయుట అలవాటగును. స్టెరాయిడు చుక్కలు వారముల తరబడి వాడినచో ప్రజలలో ఇంచుమించు మూడవవంతు మందికి కంటి పీడనము కొంత హెచ్చును. నూటికి అయిదుగురికి మిక్కిలి హెచ్చును. కన్ను తెల్లగా నున్నది, మంట లేదు, లోపల పోగులు నలుగుచున్నవి. ఈ విధమగు నీటికాసులు పూర్తిగా మనుష్యుడు కొని తెచ్చుకొన్నవి. దురద కన్నులని బడిపిల్లలకు ఏండ్ల తరబడి ఇవే చుక్కలు వేయు తల్లులును కలరు. వైద్యుని చీటి లేక అమ్మరాని మందు ఇది. చీటి ఉన్నను అందు వ్రాసిన దినములకు మించి వాడరాదు.

ఒక్కరోజు కూడ ఆగరాని స్థితి

పైన చెప్పిన మూసుకొన్న మూల గల నీటికాసులు ఒక్కొక్కప్పుడు ఉప్పెనవలె వచ్చును. కన్ను ఎఱ్ఱబడును, పగిలిపోవునట్లు నొప్పి పుట్టి తలకు ప్రాకును, దీపము చుట్టు ఇంద్రధనుస్సు వంటి వలయములు కనబడును, చూపు మంచు పట్టును, వాంతులగును. పీడనము 50, 60 మిల్లీమీటర్లకు పోవచ్చును. వాంతులు చూచి అజీర్ణమనియు, తలనొప్పి చూచి పార్శ్వపునొప్పియనియు భావించి మాత్ర మ్రింగించి పండబెట్టుట జరుగుచుండును. తెల్లవారుసరికి నేత్రపటలమునకు రక్తము చాలక చూపు పోవచ్చును. ఇది వృద్ధులయందును, అందును స్త్రీలయందును, దూరదృష్టి అద్దములు గలవారియందును హెచ్చు. అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలెను. ఈ మూల ఇరుకుగా నున్నదని ముందే కనిపెట్టినచో, అవసరమైనవారికి లేసరు కిరణముతో రంగుపొరలో సూదిమొన యంత రంధ్రము చేసి ఆ ఆపదను తప్పింపవచ్చును.

పరీక్షయు చికిత్సయు

సరియైన పరీక్షలో నాలుగైదు పనులు కలవు. కంటికి మొద్దుబారు చుక్క వేసి పీడనము కొలుతురు. చిన్న అద్దము కంటిపై నుంచి నీరు పోవు మూల తెరచియున్నదో మూసియున్నదో చూతురు. తారకను విప్పార్చి నాడీబిళ్ళను చూతురు. ఒక్కొక్క కన్ను మూసి, గిన్నె వంటి యంత్రములో మినుకుమను చుక్కలు కనబడినపుడెల్ల మీట నొక్కించి ప్రక్కచూపును లెక్కింతురు. ఓ.సి.టి. అను యంత్రము నేత్రపటలముపై నాడీపోగుల పొర మందమును మైక్రానులలో కొలుచును. ఆరోగ్యవంతుల యందు నాడీబిళ్ళ చుట్టు అది సగటున 100 మైక్రానులకు దగ్గఱగా నుండును. ప్రక్కచూపు పరీక్ష విసుగైనది. మొదటిసారి చాలమంది తప్పులు చేయుదురు. రెండవసారి చేయించుకొనుమన్నచో వైద్యుడు డబ్బునకై చెప్పుచున్నాడని అనుమానింపరాదు. భిలాయిలో సెక్టరు 9 లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రియందు నేత్రవిభాగము కలదు. రాయపూరులో 2012లో ప్రారంభమైన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ రైలుదారిలో దాపుననే యున్నది.

చికిత్సలో మొదటిది చుక్కలమందు. కొన్ని మందులు నీరు ఊరుటను తగ్గించును. కొన్ని నీరు పోవు దారిని సుగమము చేయును. కొందఱికి లేసరుతో జల్లెడకు చికిత్స చేయుదురు. వీనిచే పీడనము దిగనిచో శస్త్రము. ఏ మార్గమైనను ఉద్దేశ మొకటే - ఆ రోగి నాడి భరింపగల పీడనమునకు దింపుట.

చుక్కలమందు చెడిపోవునది సీసాలో కంటె అలవాటులో నెక్కువ. వేసినందున చూపు మెరుగుపడదు. మానినందున మఱునాడు చూపు తగ్గదు. కనుక సీసా అయిపోయిన నాడు మరల కొనుట వాయిదా పడును. రాత్రిషిఫ్టు వచ్చిన వారమున వేళ తప్పును. రాత్రి పడుకొనుటకు ముందు వేయవలసిన మందును షిఫ్టుతో పాటు మార్చుకొనుట కంటె, సాయంకాలము ఎనిమిది గంటలని ఒక వేళ నిర్ణయించుకొని ఇంటనున్నను కర్మాగారమునకు బయలుదేరుచున్నను అప్పుడే వేసికొనుట మేలు. లాటనోప్రోస్టు అను మందు సీసాను తెరవక ముందు శీతలయంత్రమున నుంచవలెను. తెరచిన పిదప 25 డిగ్రీలకు మించని చోట ఆరువారములు వాడవచ్చును. మేనెలలో ఛత్తీస్‌గఢ్ ఎండలకు 25 డిగ్రీలు ఇంటిలో దొరకునా? తెరచిన సీసానైనను శీతలయంత్రము తలుపున నుంచుటయే మంచిది. జేబులో పెట్టుకొని కొలిమి దాపునకు కొనిపోరాదు. టిమోలాల్ అను మందు ఉబ్బసము గలవారికిని, గుండె మెల్లగ కొట్టుకొనువారికిని హాని చేయవచ్చును. కంటిచుక్కకును ఊపిరికిని సంబంధమేమని ఆ వ్యాధులను వైద్యునికి చెప్పక దాచరాదు.

క్రింది రెప్పను కొంచెము లాగి, ఆ జోలెలో ఒక్క చుక్క వేయవలెను. రెండు వేసినందున రెండింతల గుణము రాదు, రెండవది చెంపపై జారును. తరువాత కన్ను మూసి, ముక్కు ప్రక్క కంటి మూలను వ్రేలితో రెండు నిమిషములు అదిమి యుంచవలెను. అట్లు చేసినచో మందు గొంతులోనికి దిగక కంటనే నిలుచును. రెండు విధముల చుక్కలున్నచో నడుమ అయిదు నిమిషములు ఆగవలెను. చేయి వణకు వృద్ధులకు కోడలో మనుమరాలో వేయుట మంచిది.

రక్తసంబంధము

నీటికాసులు గలవాని తోబుట్టువులకును బిడ్డలకును ఆ వ్యాధి వచ్చు అవకాశము ఇతరులకంటె అనేక రెట్లు హెచ్చని పలు దేశముల పరిశీలనలు తెలుపుచున్నవి. భిలాయి తెలుగు కుటుంబములలో ఈ సంగతికి ఒక చిక్కు కలదు. రోగి ఇక్కడ, అన్నయు చెల్లెలును విజయనగరమునో శ్రీకాకుళమునో ఉందురు. కుమారుడు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉండును. ఇక్కడి వైద్యుడు రోగిని మాత్రమే చూచును, అక్కడివారు తమ తండ్రికో అన్నకో కన్ను చెడినదని విందురు గాని ఏ వ్యాధిచేతనో వినరు. శుక్లమో ముసలితనమో అనుకొందురు. అందుచే వ్యాధి నిర్ణయమైన నాడే వైద్యునిచే ఒక చీటి వ్రాయించుకొనుట మేలు. అందు వ్యాధి యొక్క పేరు, అది ఏ విధమైనది, మొదట కనుగొన్నపుడు ఏ కంట ఎంత పీడనము, వాడుచున్న చుక్కల పేర్లు ఉండవలెను. సంక్రాంతికి స్వగ్రామము పోవునపుడు ఆ చీటి నకళ్ళు తీసికొనిపోయి నలుబది దాటిన అన్నదమ్ములకును అక్కచెల్లెండ్రకును ఒక్కొక్కటి ఈయవలెను. వారు తమ ఊరి నేత్రవైద్యుని వద్దకు పోయినపుడు ఆ చీటి ముందుంచి, పీడనముతో పాటు నాడీబిళ్ళను కూడ చూడుమని అడుగవలెను. దూరమున నున్న బిడ్డలకు దాని ఛాయాచిత్రము ఫోనులో పంపినను చాలును.